ల్యాబ్ అక్క నా చేతికిచ్చిన పరీక్ష

నా చిన్నప్పుడు మా నాన్న విశాఖ పోర్టులో బస్తాలు మోసేవాడు. ఎంత బరువైనా ఎత్తగలనన్న ధీమా ఆయనది. ఆ బరువులకే గజ్జల్లో హెర్నియా వచ్చిందన్నారు. అమ్మ పురిట్లో ఉండటంతో ఆసుపత్రికి తోడుగా పదేళ్ల నేను వెళ్లాను.

పొద్దున్నే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తారనుకున్నాం. అంతలో ల్యాబ్‌లో పనిచేసే అక్క వచ్చి, మూత్రంలో షుగర్ కనిపించిందని, అది తగ్గేదాకా ఆపరేషన్ వద్దని డాక్టరుగారు అన్నారని చెప్పింది. ఇప్పుడు కోస్తే గాయం మానదని, చీము పడితే ప్రాణం మీదికొస్తుందని నెమ్మదిగా వివరించింది.

నాన్న కుదురుగా కూర్చోలేకపోయాడు. వరండాలో అటూ ఇటూ తిరిగాడు. మళ్లీ సెలవు ఇవ్వరని, మూత్రం సీసాలు మారిపోయి ఉంటాయని, ఏ పరీక్షలూ లేకుండా కోసే డాక్టరు ఇంకోచోట ఉన్నాడని గొణిగాడు. చివరికి చొక్కా తొడుక్కుని, సంచి నా చేతికిచ్చి గేటు వైపు నడిచాడు. ఆగమనాలో, వెంట నడవాలో తెలియక సంచి పట్టుకుని నెమ్మదిగా వెనకే కదిలాను.

అక్క మా వెనకే వచ్చింది. వాదించలేదు. మరోసారి చూద్దాం రమ్మంది. ఈసారి నాన్న మూత్రం, నాదీ విడివిడిగా పట్టించి, ఆయన ఎదుటే సీసాల మీద పేర్లు రాసింది. షుగర్ ఉంటే రంగు మారుతుందని చెప్పి, రెండు గాజు గొట్టాల్లో నీలం మందు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కొక్కరి మూత్రం చుక్కలు వేసి, పట్టకారు నాకిచ్చి, స్పిరిట్ దీపం మీద కాచమంది. నాది నీలంగానే ఉండిపోయింది. నాన్నది పచ్చబడి, పసుపెక్కి, ఇటుక రంగుకు తిరిగింది.

నాన్న రెండు గొట్టాలనూ, సీసాల మీది పేర్లనూ మార్చి మార్చి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. నా చేతిలోనే ఎర్రబడింది కదా, జబ్బు నేనే తెచ్చానేమో అనిపించింది. అక్క నా కళ్లు తుడిచి, "నువ్వు తేలేదమ్మా. అది ముందే ఉన్నాది. నువ్వు సూసినావంతే," అంది.

నాన్న బల్ల దగ్గరికి జరిగి, "అయితే నానిప్పుడేటి సెయ్యాలమ్మా?" అని అడిగాడు.

ఇన్సులిన్ సూదులతో, చప్పటి చోడి అంబలితో, అంటే రాగి జావతో, కొన్ని వారాలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేసి సరేనన్నాకే ఆపరేషన్ జరిగింది. గాయం చక్కగా మానింది.

ఇప్పటికీ మా వాళ్లలో ఎవరికి ఆపరేషన్ అన్నా, షుగర్ చూశారా అని ముందు నేనే అడుగుతాను. విసుక్కుంటారు. ఏం వినాల్సివస్తుందోనని నాకూ గుండె దడగానే ఉంటుంది. అయినా అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడతాను.