చేపల ఐసూ, ముందు సీటూ

అంటురోగాల జాడ తీసే కొలువులో చేరదలచినవాళ్లు దారెస్సలాము నగరంలో న్యంజాలాను వెతుక్కుంటూ వస్తారు. ఏ చదువు చదవాలి, ఏ సంస్థలో జీతం బాగుంటుంది అని అడుగుతారు. ఆమె ఓపికగానే చెబుతుంది. లెక్కలు గట్టిగా నేర్చుకోండి, పై అధికారికి ఒక్క పేజీలో అర్థమయ్యేలా రాయండి, విదేశాల నుంచి పిలుపొస్తే వెళ్లండి గాని ముందు కొన్నేళ్లు ఊళ్లు తిరగండి అంటుంది. ఆఖరున, "మీది ఏ తెగ? మీకు వేళాకోళం చెల్లే తెగ ఏది?" అని అడుగుతుంది. వాళ్లు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. ఒకప్పుడు ఆమే అలా చూసేది.

ఆమెది సముద్రానికి దూరంగా లోతట్టున టబోరా వైపు, న్యమ్వేజీ తెగ. పూర్వం వాళ్లు ఏనుగు దంతాలు నెత్తిన పెట్టుకుని నెలల తరబడి నడిచి సముద్రం ఒడ్డుకు వచ్చేవారు. ఒడ్డునుండే జరామోలు వాళ్లతో కొట్లాడి, అన్నం పెట్టి, పిల్లనిచ్చి, చివరికి వేళాకోళపు చుట్టరికం కలుపుకున్నారు. దంతాలు ఏ దేశపు పియానోల్లోనో మీటలై పచ్చబడి పోయాయి, చుట్టరికం మాత్రం మిగిలింది. బావామరదళ్ల సరసం లాంటిదే, కాకపోతే తెగకీ తెగకీ మధ్య. చావింట కూడా అది ఆగదు; గడపకడ్డం పడి సుంకం అడిగినా ఎవరూ తప్పు పట్టరు. దానికొకటే కట్టు: ఆ వేళాకోళంలో అన్న మాట గడప దాటి ఫిర్యాదుగా పోకూడదు.

ఒక సంవత్సరం వానల్లో తీరాన కలరా పుట్టింది. న్యంజాలా అప్పటికింకా చిన్న ఉద్యోగి. ఊళ్లు తిరిగి జాడ తీసే జట్టుకు పెద్ద పదవి ఖాళీగా ఉంది. జట్టు పెద్ద అంటే బండిలో ముందు సీటు. పై అధికారి డాక్టర్ టెంబా తేల్చి చెప్పాడు: "రోగం ఎవరి దగ్గర మొదలైందో పేరుతో సహా పట్టుకురా, ముందు సీటు నీది. లేదంటే వెనకగదిలో అంకెలు ఎక్కించుకుంటూ కూర్చో."

మొదట పోయింది కిబ్వానా అనే జరామో ముసలి జాలరి. న్యంజాలా ఆ ఇంటి ముందు బండి ఆపించి, బూట్లతోనే గుమ్మంలో నిలబడి, ఆయన ఏం తిన్నాడు, ఏం తాగాడు అని మర్యాదగా అడిగింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు అంతకంటే మర్యాదగా, "అందరూ తిన్నదే తిన్నాడమ్మా, దేవుడి చిత్తం" అన్నారు. వేళాకోళపు హక్కు తనకుందని ఆమెకు తెలుసు. సర్కారు కొలువులో అది తగదనుకుంది. అదే ఆమె పొరపాటు.

మర్నాడు బండి దూరంగా ఆపించి, బూట్లు విడిచి, నడుముకు ఖాంగా గుడ్డ చుట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే గడపకడ్డంగా పడుకుంది.

"నా సుంకం కట్టందే ఈ ఇంట్లోంచి అన్నం గిన్నె కదలదు!"

చౌసీకు అనే కిబ్వానా అక్క ముక్కు చీదుతూనే తలెత్తింది. "ఎవర్తివే నువ్వు?"

"న్యమ్వేజీదాన్ని."

"నిన్న చెప్పవేం, మోతకత్తె! దంతాలు మోసీ మోసీ మీ మెడలు భుజాల్లోకి దిగబడ్డాయిగా, అందుకే పోల్చలేకపోయాను."

"మీరేమో నెత్తిన కొబ్బరికాయ పడితే గాని నిద్ర లేవని జనం. ఇంతకీ ఈ తిండిపోతు ముసలాడు ఏం మింగి పోయాడే అవ్వా? నా వంతు కూడా మిగల్చలేదు!"

"కోడలు అమ్మే చెరకురసం! పడవలోని చేపల ఐసు వేసి చల్లగా పోసింది. మామగారని రెండో గ్లాసు ఊరికే పోసింది. ఊరికే వస్తే మా వాడు సముద్రాన్నైనా తాగేస్తాడు!"

చాపల మీద నవ్వులు లేచాయి. మూలనున్న కోడలు మాత్రం ముసుగు లాక్కుంది. న్యంజాలా కూడా నవ్వింది, కాని తనకు దొరికినదేమిటో ఆ క్షణమే అర్థమైంది. పేరు దొరికింది. గడప దాటించే వీలు లేదు.

అక్కణ్ణుంచి తిన్నగా పడవల రేవుకు పోయి, కనబడిన ప్రతి పెట్టెలోంచీ ఐసు తీయించి పరీక్షకు పంపింది. ఊరిబావి నీళ్లతో చేసిన ఐసులో కలరా క్రిమి బయటపడింది. చేపల ఐసు తాగే వాటిలో ఎవరూ వేయకూడదనీ, రసం అమ్మేవాళ్లందరికీ మంచి ఐసు తెప్పించాలనీ, బావి శుభ్రం చేయించాలనీ ఒక్క పేజీలో రాసిచ్చింది.

టెంబా కాగితం అటూ ఇటూ తిప్పాడు. "పేరేది?"

"లేదండీ."

"తెలియదా, చెప్పవా?"

"చెప్పనండీ. చెబితే రేపు ఆ ఇంటిమీద రాళ్లు పడతాయి. ఇంకెప్పుడూ ఆ ఒడ్డున నాతో ఎవరూ నోరు విప్పరు."

"అయితే వెనకగది చూసుకో."

చూసుకుంది. ఆ గదికి కిటికీ లేదు. రోగం ఆ రేవులో తగ్గింది. ముందు సీట్లో ఇంకొకాయన కూర్చున్నాడు.

మరుసటి వానల్లో ఒకనాడు ఆమె ఫోను మోగింది.

"ఏమే మోతకత్తె, బతికే ఉన్నావా?" చౌసీకు అవ్వ గొంతు. "ఏరు సముద్రంలో కలిసేచోట ఊళ్లో జనం కడుపు పట్టుకుని తుప్పల్లోకి పరుగులు పెడుతున్నారు. మీ పెద్ద డాక్టరుకి ఎవరూ చెప్పి ఉండరులే. నీ చెవిన వేస్తున్నా."

న్యంజాలా లేచి వెళ్లి టెంబాకు చెప్పింది. ఆ ఊరి ఆసుపత్రి నుంచి అప్పటికింకా ఏ కబురూ రాలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు టెంబా.

"పేరు లేదండీ."

 ఆయన బల్ల మీది బండి తాళాలు తీసుకుని, ఆమెను రమ్మని కిందికి దిగాడు. బండి ముందు తలుపు తెరిచి పట్టుకుని, "ఎక్కు. దారి నువ్వే చెప్పాలి" అన్నాడు.