బాలవ్వ ఏమనేది

పర్శరాములు తన నీడను కూడా నమ్మని మనిషి. సిరిసిల్లలో ముప్పై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. సేటు కొలిచిన బట్టను మళ్లీ తాను కొలవనిదే ఇంటికి రాడు. అయితే అందరికంటే ఎక్కువగా అనుమానించింది కట్టుకున్న బాలవ్వను. పరాయి మగవాడి సంగతి కాదు, అదైతే ఒక్క కొట్లాటతో తేలిపోయేది. ఆమె పెదవుల సంగతి.

బాలవ్వ అదే కార్ఖానాలో ఆయన వెనకే కూర్చుని నూలు కండెలు చుట్టేది. సాంచాలు నడుస్తుంటే పక్కవాడి కేక కూడా వినిపించదు, అందరివీ సైగలే. ఆ మోతలో ఆమె పెదవులు కదులుతూనే ఉండేవి. ఇంటికొచ్చి "ఏమంటున్నవే?" అని అడిగితే "ఏమనలే" అనేది. తనను తిడుతోందని ఆయన తీర్మానించుకున్నాడు. పోయిన ఏడాది కడుపులో గడ్డతో ఆమె పోయింది గానీ, ఆ కోపం మాత్రం పోలేదు.

కూతురు తిరుమల పెళ్లి వీడియోలకు ధ్వని సరిచేస్తుంది. తల్లి కండెలు చుట్టే వీడియో ఒకటి పాత ఫోన్లో దొరికింది. సాఫ్ట్‌వేర్‌తో మోత తీసేసి మాట తేలుస్తానంది. తండ్రికి వెంటనే అనుమానం పట్టుకుంది.

"గా సాఫ్ట్‌వేర్ ఎంతవెట్టి కొన్నవ్?"

"కొనలే బాపు. ఊకెనే దొరుకుతది."

"ఊకెనే ఇచ్చెటోడు మంచోడెట్లయితడు? లేని మాటలు కలిపితే?"

అందుకే ముందు తన గొంతు మీద పరీక్ష పెట్టాడు. సాంచాల మధ్య నిలబడి తన పేరు, తండ్రి పేరు చెప్పి రికార్డు చేయించాడు. తిరుమల అందులో ఒట్టి మోత ఉన్న రెండు సెకన్ల ముక్కను ఎంచి, తీయాల్సిన చప్పుడు ఇదేనని సాఫ్ట్‌వేర్‌కు చూపించింది. అది మొత్తంలోంచి ఆ చప్పుడును తగ్గించింది. మిగిలిన గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది గానీ, ఒక్క మాట ఎక్కువ లేదు. రెండుసార్లు విని, ఇక బాలవ్వది పెట్టమన్నాడు. తిట్లు వినబడితే తనదే నిజమని తేలుతుంది, ఆయనకు కావలసింది అంతే.

బాలవ్వ గొంతు వచ్చింది.

"పొద్దటి సంది మల్ల నొస్తుంది తిరుమల బాపూ. గీ కుడిపక్కకు. గట్టిగ జెప్తె నువ్వు సాంచ బందువెట్టి పరేషానయితవ్. బిడ్డ పరీక్షలు అయిపోనీ, అప్పుడు జెప్త. గిప్పుడైతె గిట్లనే జెప్పుకుంట. నీకు ఇనవడది గద."

తిరుమల ఏడుస్తూ ఆపబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని ఆపనివ్వలేదు. అబద్ధమని తేలితే బతికిపోతాననిపించింది.

"గిది కలిపిన మాటనే గదా బిడ్డా? నిజం జెప్పు."

"గిది తీసుడే గని కలుపుడు లేదు బాపు. నువ్వే జూసినవ్."

పర్శరాములు దాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని విన్నాడు.

"తిట్టినా మంచిగుండేది," అన్నాడు చివరికి. "తిడుతుందనుకొనే, ఎన్కకు మల్లి దాని మొకం సూసుడు బందువెట్టిన."