నిలిచిన పిల్ల

ఒక్క కాన్పుల నాకు తోడు పుట్టిన పిల్లగాడు నెల దాటకుండనే పోయిండు. ఇంటికి ఎవలొచ్చినా మా నాయినమ్మ నన్ను చూపిచ్చి, తోడబుట్టినోన్ని మింగి నిలిచింది ఇది, అనేది. తిట్టినట్టు గాదు, మామూలుగ, ఇయ్యాల ఎండ ఎక్కువున్నదన్నట్టు. నేనేమన్న అడిగి పుట్టిన్నా? కాశిబుగ్గల మాది మగ్గాల ఇల్లు. అన్నం ముందట కూసుంటే చాలు, నా పక్కన ఎవలో సన్నగ ఊపిరి పీలుస్తున్నట్టు వినొచ్చేది. తల తిప్పితే ఎవ్వలుండకపోయేది. భయమైతుండె. సగం తిని లేచిపోయేదాన్ని.

డెబ్బైల చివర్ల డిగ్రీల జువాలజీ తీసుకున్న. ఒకనాడు మా సారు, ప్రకృతి వరణం అనే ముచ్చట ఎట్ల పుట్టిందో చెప్పిండు. ఒకాయనకు ముందే తట్టిందట గని ఇరవై ఏండ్లు బయట పెట్టకుండ దాసుకున్నడట. ఇంకొకాయన ఎక్కడో దూరపు దీవుల్ల చలిజరమొచ్చి వణుక్కుంట పండుకోని, పుట్టినయన్నీ ఎందుకు బతుకయి, కొన్నే ఎందుకు నిలుస్తయి అని ఆలోచన చేసిండట. జరం దిగేలోపల జవాబు దొరికింది. అది రాసి మొదటాయనకే పంపిండు. తన మనసుల మాట పరాయోని చేతిరాతల చూసి ఆయన గుండె గుభేలుమన్నదట. కొన్నే నిలుస్తయి అన్నకాడ నాకు నాయినమ్మ మాట యాదికొచ్చింది.

వరణమంటే ఏరుడు గదా, మరి ఏరేది ఎవలు సార్, అని అడిగిన. సారు నవ్విండు.

"ఎవ్వలు లేరు. తట్టుకున్నది మిగులుతది, గంతే."

ఇంటిదాక ఉరికినట్టే నడిచిన. పగటీలి అమ్మ రాట్నం ముందట కూసోని కండెలు చుడుతాంది. సారు చెప్పిందంత చెప్పి, నేనెవ్వల్ని మింగలేదమ్మా, ఏరినోళ్లే లేరట, అన్న. ఏడ్పు, సంతోషం రెండూ ఒక్కపారే వచ్చినయి.

అమ్మ దారం తెంపలేదు, తల ఎత్తలేదు.

"నాకు ఒక్కలకు సరిపోయే పాలే పడ్డయి బిడ్డా. నువ్వు గట్టిగ పట్టినవు, వానికి చీకుడు చాతగాలే. మూడు దినాలు చూసిన. నాలుగోనాడు పాలు నీకే ఇచ్చి, వాన్ని గోడదిక్కు తిప్పి పండవెట్టిన. వాడు ఏడ్వనన్న ఏడ్వలేదు."

రాట్నం తిరుగుతనే ఉన్నది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేండ్లు నాయినమ్మ నేనే వాన్ని మింగిన్నంటుంటే ఎట్ల ఊకున్నవని అడిగిన.

"నన్ననలేదు గదా అని," అన్నది అమ్మ.