రెండూ నలభైకి తిప్పిన రక్తం

మా ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఇరవై రెండేళ్లుగా నాదే రాజ్యం. పాంక్రియాస్ వాచిందో లేదో నా లైపేజ్ పరీక్షే తేల్చేది. పెద్ద డాక్టరు మెట్లు దిగివచ్చి మరీ నన్నడిగేవారు. అలాంటి చోటికి వచ్చిపడింది మంచుపెట్టె. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పేరు పెట్టింది నేనే. రక్తపు గొట్టం చేతికొస్తే చాలు, పరుగున మంచులో పెట్టేది.

కొత్త యంత్రం మీద ఆమె కొలిచేది ఇంటర్‌ల్యూకిన్-6. పాంక్రియాస్ వాచినప్పుడు రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి కేకేసి పిలుచుకోవడానికి వదిలే ప్రోటీన్లలో అదొకటి. ఆ కేకలు మితిమీరితే సాయానికొచ్చిన కణాలే ఊపిరితిత్తుల్నీ కిడ్నీల్నీ దెబ్బతీస్తాయి. వాపుందని నా పరీక్ష చెబుతుంది. అది ముదిరేలా ఉందా అన్నది ఆమె అంకె ముందే పసిగడుతుంది. దాంతో డాక్టరు నా బల్ల దాటి ఆమె బల్ల దగ్గరికి వెళ్లసాగారు. నిజం చెప్పొద్దూ, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె జడ వేసుకునే తీరు కూడా నాకు నచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం గొట్టం నా చేతికిచ్చింది.

"అక్కా, వార్డు నుంచి పిలుస్తున్నారు. దీన్ని వెంటనే సెంట్రిఫ్యూజులో తిప్పేసి, పైన తేరిన ప్లాస్మా మంచులో పెడతారా?"

"పెడతాలే, వెళ్లు."

పెట్టలేదు. గొట్టంలోనూ కణాలు బతికే ఉంటాయి, ఊరకే వదిలేస్తే అక్కడా కేకలేస్తూనే ఉంటాయి. అంకె ఉన్నదానికన్నా పెరుగుతుంది, ఆమె పరువు పోతుంది. రెండు గంటలు దాటాక తీరిగ్గా సెంట్రిఫ్యూజులో వేసి తిప్పాను.

సాయంత్రం ఆ అంకె చూసి డాక్టరు రోగిని ఐసీయూకి మార్చమన్నారు. వార్డులో కులాసాగా పేపరు చదువుకుంటున్న మనిషికి ఇంత అంకేమిటని ఆమెకు అనుమానమొచ్చి రిజిస్టరు తీసింది. రక్తం తీసిన వేళ పన్నెండున్నర. తిప్పిన వేళ రెండూ నలభై, నా చేతిరాతలోనే. అంత కుళ్లు పనికి ఒడిగట్టిన చెయ్యి, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ దొంగ వేళ మాత్రం రాయలేకపోయింది.

ఆమె రిజిస్టరు మూసేసింది.

"సార్, పొరపాటు నాదే. తిప్పడం ఆలస్యమైంది. మళ్లీ రక్తం తీస్తాను."

ఆయన అందరి ముందూ చెడామడా తిట్టారు. నేను కోరుకున్నది అదే. నా బల్ల తుడుచుకుంటూ ఉండిపోయాను.

కొత్త గొట్టం తెచ్చి మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"నాకెందుకిస్తున్నావ్?"

"టైము ఉన్నదున్నట్టు రాసేది మీరే కదక్కా."

వెంటనే తిప్పాను. అంకె సగానికి దిగింది, రోగి వార్డులోనే ఉండిపోయాడు. అప్పటిదాకా నా ఏడుపంతా ఆమె యంత్రం మీదే. ఆ రోజు నుంచి ఆమె మనసు మీద కూడా.