మొదటి ఉండ

మా మేనత్త పోయింది. కబురు వచ్చేసరికి నేను కంబదూరు ఉమ్మడి వంటశాలలో బెల్లం పాకం ముందు కూర్చుని ఉన్నాను. ఏడ్చుకుంటూ పరిగెత్తలేదు. పాకంలో చెనిగింజలు కలిపి, దించి, పొయ్యి ఆర్పి, అప్పుడు పోయాను. పాకం మాడబెట్టి వచ్చానంటే పాడె మీద నుంచి లేచి తిట్టే మనిషి ఆమె.

మీలో కొందరు ఆమె కట్టిన ఉండలు తినే ఉంటారు. ఇంటి పొయ్యి మీద వ్యాపారం సాగని ఆడవాళ్లమంతా కలిసి ఒక పాత గోదాములో పెద్ద పొయ్యిలు పెట్టుకున్నాం. ఒకామె చట్నీపొడి, ఒకామె రాగి మురుకులు, నేనూ అత్తా చెనిక్కాయల ఉండలు, అదే మీరనే వేరుశనగ ఉండలు. సరుకంతా చుట్టుపక్కల రైతులదే. అత్త అడగకుండానే అందరి పిండీ నోట్లో వేసుకుని "ఉప్పు సాల్లేదు" అనేది. నోరు కటువైనా మనసు వెన్న అని చెప్పలేను. మనసు కూడా మొండిదే. కానీ నాకు పాకం పట్టడం నేర్పింది ఆమే. నా పిల్లలు తిన్నదీ చదివిందీ ఆ ఉండలతోనే.

ఆ మొండితనంతోనే ఒక ఆచారం పెట్టింది. ఎవరి చేని గింజలతో చేస్తే మొదటి ఉండ ఆ రైతే తినాలి. ఆ తర్వాతే మిగతావి సంతకు.

"పండిచ్చినోని నోట్లో పడంది ఊరోళ్ల నోట్లో ఎట్ల పడుతాది?" అనేది.

ఒకసారి గింజలు తెచ్చిన రైతన్న సగం ఉండ తిని, మిగతా సగం తువ్వాలు చెంగున కట్టుకున్నాడు.

"ఏమప్పా, బాగలేదా?"

"బాగుండాదిమ్మా. ఇది మా ఆడమనిసికి. ఇన్నేండ్లు పండిచ్చి కల్లంలోనే అమ్మేస్తిమి. మా కాయలు ఇంత రుచని మాకే తెలీదు."

"ఆమెకు ఎంగిలిది ఇస్తావా? ఇది తీసకపో" అని అత్త ఇంకో ఉండ ఆయన చేతిలో విసురుగా పెట్టింది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు విత్తే అదునే రాలేదు. మరుసటి ఏడు పూత వచ్చి, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు నేల గట్టిపడిపోయింది. మురుకులామె, పొడులామె కూలికి బెంగుళూరు పోయారు. మేము టౌనులో షావుకారు దగ్గర ఎక్కడివో గింజలు తెచ్చాం. మొదటి ఉండ పట్టుకుని అత్త వాకిట్లో నిలబడింది.

"ఎవురికియ్యాలమ్మే ఇది?"

"షావుకారుకు ఇద్దాం" అన్నాను. అత్త నవ్వలేదు. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. అప్పటినుంచి ప్రతి వాయికీ ఒకటి అక్కడే పెట్టేది. చీమలు తినేవి.

మంచం పట్టాక కూడా నన్ను చూడగానే అదే ధ్యాస.

"పొయ్యి ముట్టిచ్చినావా? మొదటిది ఎవురు తినిరి?"

"ఎవురూ రాలేదత్తా."

గోడవైపు తిరిగి పడుకుంది. ఆ అడగడమే ఆఖరు. జబ్బే చంపిందని డాక్టరు అన్నాడు. నేను నమ్మను.

మూడో దినం పొద్దున ఆ రైతన్న వంటశాలకు వచ్చాడు. తువ్వాలు మూట విప్పితే చెనిగింజలు.

"ఇత్తనానికని దాచిపెట్టింటి. ఉండలు చెయ్యమ్మా, ఆమెకు పెడదాం."

"ఇత్తనాలు ఎవురైనా వండుకుంటారా అన్నా? రేపు వానొస్తే?"

"ఇంగ యాడొస్తాదిలేమ్మా. మేమూ పోతాండాం బెంగుళూరికి."

గింజలు వేయించాను. పాకం పట్టి ఉండలు కట్టాను. ఆచారం ప్రకారం మొదటి ఉండ ఆయనకే ఇచ్చాను. ఆయన తినలేదు. అత్తను పూడ్చిన చోటికి నాతో వచ్చి, ఆ మట్టి మీద పెట్టాడు. కాకి ముట్టింది. సంతోషపడాలి, పడలేకపోయాను.

వంటశాల తాళంచెవి ఇప్పుడు నా కొంగున ఉంది. ఆ తలుపు మళ్లీ తీయడానికి కారణం ఒక్కటీ దొరకడం లేదు.

బస్సుకు వేళయిందని రైతన్న ఖాళీ తువ్వాలు దులిపాడు. గింజల ఎర్రపొట్టు రాలి, ఆమె మీది పొడిమట్టిపై కాసేపు ఆగి, గాలికి చేల వైపు పోయింది.