రెండో కాయితంలో మా వదిన

మా వదిన పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను మా కొత్త అల్లుడి పళ్ళెంలో ఇంకో పెసరట్టు వేయిస్తూ, "తినండి బాబూ, మొహమాటపడకండి" అని నవ్వుతున్నాను. అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, అమ్మ కుళాయి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది" అన్నాడు. నా చేతిలో అల్లం పచ్చడి గిన్నె అలాగే ఉంది. గుమ్మానికి పెళ్ళినాటి మామిడాకులు ఇంకా ఉన్నాయి. అంచులు మాత్రమే ఎండాయి.

చదివేవాళ్ళు నన్ను తప్పు పట్టకండి, ముందే చెబుతున్నాను. ఏడుపు ఆగడం లేదు, అయినా నా సంతోషమూ తగ్గడం లేదు. నా బిడ్డ పెళ్ళయింది. ఎంత బాగా అయిందో తలుచుకుంటేనే కళ్ళు చెమరుస్తున్నాయి. ఏడో తరగతితో బడి మానేసి, బెజవాడ ఆటోనగర్‌లో లారీల కింద దూరి రిపేర్లు చేస్తూనే ముసలివాణ్ణయినవాణ్ణి. ఆ ఏడుపూ ఈ సంతోషమూ విడదీసి రాయడం నాకు రాదు. కలిపే రాస్తాను. వదిన ఉంటే, "ముందేది, తర్వాతేది, ఓ కాయితం మీద పెట్టుకుని మొదలెట్టు" అనేది.

కూచిపూడి పక్క ఊరి నుంచి కోడలిగా మా ఇంటికొచ్చింది వదిన. కంకిపాడు దాటాక బందరు కాలువ పక్కన మా ఊరు. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా పిలుపుల జాబితా ఆవిడే రాసేది. పాత క్యాలెండరు కాయితాలు వెనక్కి తిప్పి, గీతలు గీసి, వీధులవారీగా రాసేది. ఎప్పుడూ రెండు కాయితాలు. మొదటిది బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్ళు. రెండోది నోటితో చెప్పాల్సిన ఇళ్ళు. మా వైపు పెళ్ళి పిలుపంటే ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి రమ్మనడం. భర్త పోయిన ఆడమనిషి ఇంటికి భరిణె వెళ్ళదు. ఎవరో ఒకరు వీధిలోనే నిలబడి, "పలానా రోజు పెళ్ళి, వచ్చెయ్యండి" అని చెప్పి పోతారు. అదీ రెండో కాయితం.

ఒకసారి అడిగాను. "మనవాళ్ళెవరో మనకి తెలియదా వదినా? ఈ జాబితాలన్నీ ఎందుకు?"

"పిలవడానికి జాబితా ఎందుకయ్యా! రోడ్డు మీద నిలబడి కేకేస్తే ఊరంతా వస్తారు. జాబితా రాసేది పిలవకుండా ఉండటానికి. మనిషికి మొహమాటం ఉంటది. కాయితానికి ఉండదు" అంది.

ఆ మాట ఎంత నిజమో నాకు తర్వాత తర్వాత తెలిసింది. మా షెడ్డులోనూ చిట్టా రాస్తాం. బ్రేకు పట్టడం లేదు, బండి ఎడమ పక్కకి లాగుతోంది, కమాను పట్టీ విరిగింది అని డ్రైవరు చెప్పిందల్లా రాసుకుని, ఒక్కొక్కటీ బాగుచేస్తూ కొట్టేస్తాం. మా షెడ్డులో కొట్టేస్తే పని అయిపోయినట్టు. మా వదిన కాయితంలో కొట్టేస్తే మనిషి అయిపోయినట్టు. మా ఇంట్లో భోంచేసి, వీధిలోకెళ్ళి పులిహోరలో ఉప్పు లేదన్నావిణ్ణి కొట్టేసింది. సీమంతానికి వచ్చి, బారసాలకి రానివాళ్ళని కొట్టేసింది. ఒకావిడ ఏడుస్తూ వచ్చి, "నేనేం చేశానో చెప్పండి వదినగారూ" అంటే, "చెబితే దిద్దుకుంటారు. అప్పుడు మళ్ళీ రాయాలి. నాకు ఓపిక లేదండీ" అంది. ఎంత మర్యాదగా అందో! మజ్జిగ కూడా ఇచ్చి పంపింది.

మా చెల్లి పసుపు కుంకుమలు చిన్నతనంలోనే పోయాయి. అన్నయ్య కొడుకు పెళ్ళికి వదిన జాబితా రాస్తుంటే, చెల్లి పక్కనే కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. వదిన రెండో కాయితం తీసి, ఆవిడ కళ్ళ ముందే ఆవిడ పేరు రాసింది.

"సొంత ఆడపడుచుని వదినా. నన్ను కూడా వీధిలోంచే పిలుస్తావా?" అంది చెల్లి.

"రాసింది నేను. నీకు ఆ చోటు ఇచ్చింది నేను కాదుగా."

"నీకూ ఓ రోజు వస్తది."

"వస్తే నా పేరు నేనే రాసుకుంటాలే. నీ చేత రాయించుకోను."

నేను అక్కడే ఉన్నాను. నాకు ఆ తమలపాకులన్నీ ఎత్తి కాలువలో పారేయాలనిపించింది. చెల్లి మాత్రం తుడవడం ఆపలేదు.

ఆ రోజు వచ్చింది. అన్నయ్య పోయాడు. పెద్దకర్మ ముగిసి చుట్టాలు సర్దుకుంటుంటే, వదిన ట్రంకు పెట్టె తెరిపించి జాబితా తీయించింది. మొదటి కాయితంలో మొట్టమొదటి ఇల్లు తమదే. దాన్ని స్కేలు పెట్టి మరీ కొట్టేసి, రెండో కాయితం అడుగున, మా చెల్లి పేరు కింద, తన పేరు రాసుకుంది.

చెల్లి తొంగి చూసింది. "రాసుకున్నావా?"

"రాసుకున్నా. నీ కిందే రాసుకున్నా. తృప్తేనా?"

"కిందెందుకు? నా పక్కన చోటుందిగా."

"పక్కన కూర్చోడానికి ఇదేమన్నా పేరంటమా?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వినలేక నేను బయటికొచ్చేశాను.

ఇలాంటి మనిషికి ఇంత కృతజ్ఞత ఎందుకని మీరడగొచ్చు. నా భార్య జ్వరంతో ఆసుపత్రికెళ్ళి తిరిగి రాలేదు. మా అమ్మాయిది అప్పుడు నాలుగో తరగతి. వదిన వచ్చి పిల్ల చేయి పట్టుకుని, "ఇది నా దగ్గర ఉంటది. నువ్వు లారీలు చూసుకో" అంది. అంతే, ఇంకో మాట లేదు. మళ్ళీ కాలేజీకి బెజవాడ వచ్చేదాకా నా బిడ్డ ఆవిడ చేతి ముద్దే తిన్నది. కందిపొడిలో వెన్న కలిపి, ముద్ద ముద్దకీ ఉల్లిపాయ కొరికించి మరీ పెట్టేది. ఆ చేతులకి నేను ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తీరదు.

వంటింటి తలుపు వెనక పిల్ల కోసం ఒక కాయితం అంటించింది. పైన చేయాల్సినవి, కింద మానుకోవాల్సినవి. మానుకోవాల్సినవాటిలో మొదటిది, "అమ్మా అని ఏడవడం."

అది చదివి వదిన దగ్గరికెళ్ళాను. "పసిపిల్ల వదినా" అన్నాను.

"అమ్మ రాదని దానికి నువ్వు చెబుతావా? చెప్పలేవుగా. అందుకే రాశాను" అంది.

తర్వాత ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ మాట మీద అడ్డంగా గీత ఉంది. పిల్ల ఏడవడం మానేసింది. నన్ను చూసి, "నాన్నా, ఒకటి అయిపోయింది" అంది. నేను బిడ్డని ఎత్తుకుని ముద్దులు పెట్టాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో లెక్కలు చెబుతుంది. పెళ్ళి కుదరగానే నాకు చెప్పిన మొదటి మాట, "నాన్నా, తొలి పిలుపు పెద్దమ్మకి. తొలి అక్షింతలు పెద్దమ్మవి." నా గుండె పొంగిపోయింది. వదినకి ఫోన్లో శుభలేఖ పంపాను. వెంటనే తిరిగి ఫోన్ చేసింది. "ఇదేం పిలుపయ్యా? కరెంటు బిల్లు కూడా ఫోన్లోనే వస్తోంది" అంది. సరే అని ఇద్దరం బయలుదేరాం. మా అమ్మాయి ఒళ్ళో కుంకుమ భరిణె.

అప్పటికే వదిన మా పెళ్ళి జాబితా సిద్ధం చేసి ఉంచింది. రెండు కాయితాలు. రెండోదాని అడుగున తన పేరు. మా అమ్మాయి భరిణె మూత తీసింది. వదిన ఆ చేతిని పక్కకి నెట్టింది.

"జాబితాలో నేనెక్కడున్నానో చూసి రా ముందు."

"చూశాను పెద్దమ్మా. ఇప్పుడెవరూ ఇవి పట్టించుకోవడం లేదు. మా కాలేజీలో..."

"మీ కాలేజీలో పెళ్ళిళ్ళు చేస్తారా? నేను బొట్టు పెట్టించుకుని ముందు వరసలో కూర్చుంటే, రేపు నీకేం జరిగినా నా నుదురు వంకే చూస్తారు. అందుకేనా నిన్ను పెంచింది? నోటితో చెప్పు. వచ్చి వెనకాల కూర్చుంటా."

మా అమ్మాయి కాయితం అందుకుంది. పెన్ను కూడా అందుకుంది. రెండో కాయితం అడుగున ఆ పేరుని అడ్డంగా కొట్టేసింది.

"నోటితో చెప్పను. బొట్టు పెట్టించుకుంటే రా. లేకపోతే నువ్వు ఏ కాయితంలోనూ లేవు. పిలవని చోటికి నువ్వు వెళ్ళవుగా."

ఎవరి చేతి ముద్ద తిని పెరిగిందో ఆ మనిషితో నా బిడ్డ అలా అంది. వదిన ఆ గీత వెంట వేలు పెట్టి చూసింది. "స్కేలు పెట్టి కొట్టాల్సింది" అంది.

నాకు తిండి సహించలేదు. వదిన లేకుండా పెళ్ళయితే నా బిడ్డకి రెండోసారి తల్లి పోయినట్టే. వదినకీ చెప్పి చూశాను, అమ్మాయికీ చెప్పి చూశాను. ఇద్దరూ ఒకే మాట. "కాయితం మీద కొట్టేశాక ఇంకేముంది?"

పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే ఇల్లంతా ఆడవాళ్ళు. మా అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె పెడుతున్నారు. గేటు బయటి నుంచి కేక వినపడింది.

"ఈ ఇంట్లో పిలిచేవాళ్ళెవరన్నా ఉన్నారా? లేకపోతే చెప్పండి, ఇదే ఆటోలో వెనక్కి పోతా!"

నూనె కారుతున్న జుట్టుతో నా బిడ్డ పరుగెత్తింది. వదిన గేటు బయటే నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. మా అమ్మాయి భరిణె తీసి, ఇంత బొట్టు పెట్టి, "మా ఇంట్లో పెళ్ళి. మీరు తప్పకుండా రావాలి" అంది. వదిన కళ్ళు మూసుకుంది. నేను వసారాలో నిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాను. నా జన్మలో అంతకంటే గొప్ప రోజు లేదు.

వదిన లోపలికొచ్చి కూర్చోగానే, ఆవిడ పక్కనున్న మా వీధి చివరింటావిడ తన కుర్చీ దూరంగా జరుపుకుంది. అందరూ చూశారు. వదిన కూడా చూసింది. చూసి, గోడవారగా నిలబడిన మా చెల్లిని పిలిచింది.

"ఇట్రా. కదలకు." మా అమ్మాయి చేతిలో భరిణె లాక్కుని, మా చెల్లి నుదుటి మీద బొటనవేలితో గట్టిగా అదిమి బొట్టు పెట్టింది.

చెల్లి చీర చెంగు తీసి నుదురు తుడిచేసుకుంది.

"నిన్నెవరో పిలిచారని ఇవాళ నీకు నేను గుర్తొచ్చాను. నీ చేత్తో నాకొద్దు వదినా."

"సరే, తుడుచుకో. పెట్టానన్నది నలుగురూ చూశారు" అంది వదిన.

"తుడుచుకున్నదీ చూశారు."

పెళ్ళిలో వదిన ముందు వరసలో కూర్చుంది. తొలి అక్షింతలు ఆవిడవే. నా బిడ్డ తల మీద చేయి పెట్టి ఎంతసేపటికీ తీయలేదు, పంతులుగారు "అమ్మా, కానివ్వండి" అనేదాకా. చెల్లీ వదినా ఆ పెళ్ళిలో మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మాట్లాడుకునే వ్యవధి లేకపోయింది.

చావుకి పిలుపులుండవు. ఆ రోజు మా ఊళ్ళో వదిన కొట్టేసినవాళ్ళందరూ వచ్చారు. కొందరు ఏడవడానికి వచ్చారు. కొందరు నిజంగానే పోయిందో లేదో చూసుకోవడానికి వచ్చారు. పులిహోరలో ఉప్పు లేదన్నావిడ అందరికంటే ముందొచ్చింది. కొత్త పెళ్ళికూతురు చావింటికి వెళ్ళకూడదని మా అమ్మాయిని ఇంట్లోనే ఉండమన్నాను. "ఈ ఒక్క చోటికైనా జాబితా లేకుండా పోనివ్వు నాన్నా" అని వచ్చేసింది. వచ్చి, వదిన కాళ్ళ దగ్గర కూర్చుని, నాలుగో తరగతిలో మానేసిన ఏడుపు మళ్ళీ ఏడ్చింది. అమ్మా అనే ఏడ్చింది.

వదినని వసారాలో పడుకోబెట్టారు. ఎండ ఎక్కుతోంది. కరెంటు లేదు. మా చెల్లి తల దగ్గర బాసింపట్టు వేసుకుని, మిగిలిపోయిన మా అమ్మాయి శుభలేఖ ఒకటి పట్టుకుని విసురుతోంది. ఆవిడ కంట్లో చుక్క నీళ్ళు లేవు. మా వీధి చివరింటావిడ బెజవాడ నుంచి వచ్చి, "పొద్దుట్నుంచీ విసురుతున్నావంట, ఇలా ఇవ్వు, కాసేపు నేను విసురుతా" అని చేయి చాపింది.

"మీరు మొన్న జరుపుకున్న చోటే కూర్చోండి" అంది మా చెల్లి.

ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది. ఒక ఈగ వదిన నుదుటి మీద వాలబోయింది. చెల్లి శుభలేఖతో దాన్ని తోలింది. అది తిరిగి వచ్చింది. మళ్ళీ తోలింది.