ఎల్లేశం పద్దెనిమిది వరసలు

కంప్యూటర్‌ని రోజూ పొద్దున్నే నిద్ర లేపడానికి ఒక మనిషి ఉండేవాడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. 1971లో బాలానగర్‌లోని ఒక ఆఫీసులో ఆ పని చేసినవాడు నార్సింగి ఎల్లేశం. కాగితాల మీద మాత్రం అతను టీలు అందించే అటెండరే.

ఆ పాత యంత్రానికి ఒక రోజు పని చేయిస్తే చాలు, మర్నాడు ఎలా మొదలవ్వాలో గుర్తుండేది కాదు. ముందున్న పన్నెండు మీటల్ని పైకీ కిందికీ వేసి, వరస తర్వాత వరస, పద్దెనిమిది వరసలు దానికి మళ్ళీ ఎక్కించాలి. ఇంజనీర్లు పుస్తకం చూసి కూడా తడబడేవారు. ఎల్లేశానికి ఇంగ్లీషు రాదు గాని, సాలెవాళ్ళింట పుట్టి మగ్గం మీద చీర అంచులు నేసిన వేళ్ళు అతనివి. "లేపు, లేపు, వదులు" అని మగ్గం దారాలకి చెప్పినట్టే గొణుక్కుంటూ రెండు నిమిషాల్లో ముగించేవాడు. ఆఫీసంతా అతని వెనక చేతులు కట్టుకుని నిలబడేది. యంత్రం లేచాక అందరితో పాటు తనూ ఒక కప్పు టీ తాగేవాడు. కాస్త గర్వం వచ్చింది, కాదనను. రాదా మరి?

1978లో కొత్త యంత్రం దిగింది. దీనికి పదహారు మీటలు.

"రేపు పెద్దాఫీసరుగారు వస్తున్నారు. ఆయన ముందు దీన్ని లేపి చూపించవయ్యా. ఆపరేటర్ పోస్టుకి నీ పేరు రాయిస్తాను," అన్నాడు సెక్షన్ పెద్ద భీమేశ్వరరావు. కాకినాడ మనిషి, మంచివాడే.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నా చేతులకు తెలుసు."

అక్కడే దెబ్బతిన్నాడు. మగ్గం వెడల్పయితే ఏమైంది, అంచు అదే కదా అనుకున్నాడు. మర్నాడు అందరి ముందూ కుడివైపు పన్నెండు మీటల మీద తన పాత వరసలన్నీ వేశాడు. యంత్రం కదల్లేదు. మళ్ళీ వేశాడు. మూడోసారీ అంతే. పెద్దాఫీసరు వాచీ చూసుకున్నాడు.

రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చి చేరిన నాగేశ్వరి ముందుకొచ్చి, మీటల పక్కన అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని బటన్ ఒక్కటి నొక్కింది. దీపాలు వెలిగాయి, టేపు తిరిగింది.

పెద్దాఫీసరు వెళ్ళాక ఎల్లేశం ఆమె దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, అండ్ల ఎన్ని వరసలున్నయి? జర చెప్పుండ్రి, నేర్చుకుంట."

"ఫ్యాక్టరీలోనే లోపల రాసి పెట్టేశారండి. ఎన్నున్నాయో నాకూ తెలీదు. ఇంక ఎవరికీ తెలియక్కర్లేదండి," అంది, మంచిగానే.

తిట్టినా బాగుండేది. ఇక ఈ గదిలో తనతో ఎవరికీ పని లేదని ఎల్లేశానికి అప్పుడు అర్థమైంది.

భీమేశ్వరరావు అతని మొహం చూడలేక కాగితాల్లోకి చూస్తూ, "టీ పట్రావయ్యా," అన్నాడు.

ఎల్లేశం తెచ్చాడు. అందరికీ కప్పులు పెట్టాడు. ఏడేళ్ళలో మొదటిసారి, తనకు పెట్టుకోలేదు.